గుండె నిర్మాణం, గుండె జబ్బుల భారం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఎకో (గుండెను శబ్ద తరంగాలతో చూసే స్కాన్) రిపోర్టు చేతిలో పట్టుకుని కంగారుపడేవాళ్లు, ఇంట్లో ఒకరికి స్టెంటు (పూడిన రక్తనాళాన్ని తెరిచి ఉంచే చిన్న జాలీ గొట్టం) పడ్డాక మిగతావాళ్లు అడిగే ప్రశ్నలే ఇక్కడ ఎక్కువ. గుండె ఎలా కట్టి ఉందో తెలిస్తే దానికి వచ్చే జబ్బుల్లో సగం వాటంతటవే అర్థమవుతాయి. అందుకే మొదట నిర్మాణం, తర్వాత జబ్బులు. మందుల మోతాదులు మాత్రం ఇక్కడ దొరకవు. అవి మిమ్మల్ని చూసిన డాక్టరే చెప్పాలి.

గుండె ఎడమవైపే ఉంటుంది కదా?

లేదు, ఛాతీ మధ్యలో ఉంటుంది. రొమ్ము ఎముక వెనక, రెండు ఊపిరితిత్తుల నడుమ దాని చోటు. మొత్తంలో సుమారు మూడింట రెండు వంతులు ఎడమకు ఒరిగి ఉంటాయి. కింది కొన ఎడమవైపు ఐదు, ఆరు పక్కటెముకల మధ్య సందు దగ్గర ఛాతీ గోడకు తగులుతుంది. చెయ్యి పెడితే దడ అక్కడే తెలుస్తుంది కాబట్టి గుండె మొత్తం అక్కడే ఉందనుకుంటాం.

ఈ అపోహ వల్ల నష్టం కూడా ఉంది. గుండెపోటు నొప్పి ఎక్కువమందికి ఛాతీ మధ్యలో బరువు పెట్టినట్టు వస్తుంది. "ఎడమవైపు కాదుగా, గ్యాసే అయ్యుంటుంది" అని పడుకున్నవాళ్ల కథలు ఏ గుండె డాక్టరును అడిగినా చెబుతారు.

అది ఎంత ఉంటుంది, ఎంత పని చేస్తుంది?

ఎవరి గుండె వాళ్ల పిడికిలంత. పెద్దవాళ్లలో 250 నుంచి 350 గ్రాముల బరువు. ఊరికే కూర్చున్నప్పుడు నిమిషానికి సుమారు 5 లీటర్ల రక్తాన్ని తోస్తుంది, అంటే రోజుకు 7,000 లీటర్ల పైమాటే. రోజులో దాదాపు లక్ష సార్లు కొట్టుకుంటుంది. పరుగెత్తితే ఈ 5 లీటర్లు 20 దాకా వెళ్తాయి, బాగా శిక్షణ పొందిన క్రీడాకారుల్లో 30 కూడా దాటవచ్చు.

నాలుగు గదులు ఎందుకు? ఒకటి సరిపోదా?

బయటికి ఒక్కటిగా కనిపించినా లోపల పక్కపక్కనే రెండు పంపులున్నాయి. ఒంట్లోంచి తిరిగొచ్చిన చెడు రక్తం కుడి కర్ణికలోకి (పై గదిలోకి) చేరి, అక్కణ్ణుంచి కుడి జఠరికలోకి (కింది గదిలోకి) దిగి, పుపుస ధమని గుండా ఊపిరితిత్తులకు పోతుంది. అక్కడ ప్రాణవాయువు నింపుకున్న రక్తం ఎడమ కర్ణికకు వచ్చి, ఎడమ జఠరికలో పడి, బృహద్ధమని గుండా ఒళ్లంతా పారుతుంది. రెండు రక్తాలూ కలవకుండా మధ్యలో గోడ ఉంటుంది.

రెండు పంపుల బలం ఒకటి కాదు. ఊపిరితిత్తులు పక్కనే ఉన్నాయి, వాటి నాళాలు మెత్తన. కుడి జఠరికకు అక్కడికి తోయడానికి 25 మిల్లీమీటర్ల పాదరసం ఒత్తిడి చాలు. ఎడమ జఠరిక తల నుంచి కాలి బొటనవేలి దాకా పంపాలి కాబట్టి 120 దాకా ఒత్తిడి పుట్టించాలి. అందుకే దాని గోడ కుడిదానికంటే సుమారు మూడు రెట్లు మందం. బీపీ ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటే ఈ గోడ ఇంకా మందమవుతుంది. బరువులెత్తితే చేతి కండ పెరిగినట్టే కదా అనుకోవద్దు. ఇక్కడ కండ పెరగడం మంచి సూచన కాదు. గోడ బిరుసెక్కుతుంది, నిండాల్సినంత నిండదు.

ఈ దారిని మనుషులు కనిపెట్టడానికి చాలా కాలం పట్టింది. కుడి నుంచి ఎడమకు రక్తం ఊపిరితిత్తుల మీదుగానే వెళ్తుందని 13వ శతాబ్దంలో అరబ్ వైద్యుడు ఇబ్న్ అల్ నఫీస్ రాశాడు. రక్తం ఒంట్లో వలయంగా తిరుగుతుందని 1628లో ఇంగ్లండ్ వైద్యుడు విలియం హార్వే లెక్కలు వేసి చూపించాడు. ధమనుల్ని సిరలతో కలిపే సన్నటి కేశనాళికలు మాత్రం ఆయనకు కనిపించలేదు. వాటిని 1661లో ఇటలీ శాస్త్రవేత్త మాల్పీగీ సూక్ష్మదర్శినిలో చూశాడు.

డాక్టరు స్టెతస్కోపుతో వినే లబ్ డబ్ ఏమిటి?

వాల్వులు మూసుకునే చప్పుడు. కర్ణికలకూ జఠరికలకూ మధ్య ఉన్న రెండు వాల్వులు మూసుకుంటే మొదటి చప్పుడు, బయటికి వెళ్లే రెండు ధమనుల మొదట్లో ఉన్నవి మూసుకుంటే రెండోది. ఎడమ కర్ణికకూ ఎడమ జఠరికకూ మధ్య ఉన్న మిట్రల్ వాల్వుకు రెండు రేకులు, మిగతా మూడింటికీ మూడేసి. వీటిని తెరిచి మూసే కండరం ఏదీ లేదు, రక్తం ఒత్తిడే ఆ పని చేస్తుంది. జఠరికలోని చిన్న కండరాల నుంచి వచ్చే దారాల్లాంటి తంతువులు రేకుల్ని వెనక్కి తిరగబడకుండా పట్టి ఉంచుతాయి.

వాల్వు సరిగా తెరుచుకోకపోయినా, మూసుకోకపోయినా మర్మర్ అనే గరగర శబ్దం వినిపిస్తుంది. పిల్లల్లో వినిపించే మర్మర్లు చాలావరకు ఏ హానీ లేనివే. కానీ చిన్నతనంలో ఒక రకం స్ట్రెప్టోకాకస్ బ్యాక్టీరియా వల్ల వచ్చే గొంతునొప్పిని సరిగా నయం చేయకపోతే కొందరికి రుమాటిక్ జ్వరం వస్తుంది, అది వాల్వుల్ని, ముఖ్యంగా మిట్రల్‌ను, శాశ్వతంగా పాడుచేస్తుంది. పెన్సిలిన్‌తో ఆపగలిగిన జబ్బు ఇది. ఇప్పటికీ కోట్ల మంది దీంతో బతుకుతున్నారు, వాళ్లలో అత్యధికులు పేద దేశాలవాళ్లు. గుండె జబ్బుల్లో ఇంతకంటే సిగ్గుపడాల్సింది ఇంకోటి లేదని నా అభిప్రాయం.

గుండె నిండా రక్తమే ఉంటే, దానికి మళ్లీ వేరే రక్తనాళాలు దేనికి?

ఈ ఒక్క ప్రశ్నకు జవాబు అర్థమైతే గుండెపోటు అర్థమైనట్టే. గదుల్లో ఉన్న రక్తం లోపలి పలచని పొరకే అందుతుంది. మందపాటి కండరంలోకి అది ఇంకదు. కండరానికి రక్తం రావాలంటే బయటినుంచే రావాలి.

బృహద్ధమని గుండె నుంచి బయలుదేరిన చోటే, వాల్వుకు కాస్త పైన, రెండు కరోనరీ ధమనులు పుడతాయి. ఎడమది త్వరలోనే రెండుగా చీలుతుంది: ఒకటి గుండె ముందుభాగం మీదుగా కిందికి దిగుతుంది, ఇంకొకటి ఎడమ పక్కగా చుట్టి వెనక్కి పోతుంది. కుడిది కుడి పక్కను చూసుకుంటూ, ఎక్కువమందిలో అడుగుభాగానికీ రక్తం ఇస్తుంది. మొదట్లో వీటి వెడల్పు మూడు నాలుగు మిల్లీమీటర్లు. రిపోర్టుల్లో ఎల్ఏడీ అని రాసేది ముందువైపు దిగే ఆ ధమనినే. ఎడమ జఠరికలో పెద్ద భాగం దాని మీదే ఆధారపడుతుంది కాబట్టి అక్కడ, అందులోనూ మొదట్లోనే, అడ్డు పడితే డాక్టర్లు అంత హడావుడి పడతారు.

ఇక్కడ ఇంకో రెండు ఇబ్బందులున్నాయి. గుండె ముడుచుకున్నప్పుడు తన కండరంలోని నాళాల్ని తానే నొక్కేసుకుంటుంది. అందువల్ల ఎడమ జఠరికకు రక్తం ముఖ్యంగా అది వదులైనప్పుడే అందుతుంది. గుండె వేగం పెరిగితే ఆ వదులయ్యే సమయమే ఎక్కువ తగ్గిపోతుంది, సరిగ్గా రక్తం ఎక్కువ కావాల్సిన వేళకు. రెండోది, ఒంట్లో మిగతా కండరాలు విశ్రాంతిలో రక్తంలోని ప్రాణవాయువులో కొంతే తీసుకుని అవసరానికి మిగతాది వాడుకుంటాయి. గుండె కూర్చున్నప్పుడే 70 శాతం దాకా లాగేసుకుంటుంది. ఇంకా కావాలంటే మార్గం ఒకటే, ఎక్కువ రక్తం రావాలి. నాళం పూడి ఉంటే ఆ దారి కూడా ఉండదు. మెట్లెక్కితే ఛాతీ పట్టేసి, ఆగితే తగ్గిపోయే నొప్పికి కారణం ఇదే.

గుండెకు కరెంటు ఎక్కణ్ణుంచి వస్తుంది?

తనలోంచే. కుడి కర్ణిక పైభాగంలో ఉన్న ఒక చిన్న కణాల గుంపు నిమిషానికి 60 నుంచి 100 సార్లు తనంతట తాను విద్యుత్ సంకేతం పుట్టిస్తుంది. దాన్ని 1907లో ఆర్థర్ కీత్, మార్టిన్ ఫ్లాక్ వివరించారు. సంకేతం కర్ణికల మీదుగా మధ్యలోని ఇంకో గుంపు దగ్గరికి వచ్చి ఒక్క క్షణం ఆగుతుంది. ఆ ఆలస్యం వల్లే కర్ణికలు ఖాళీ అయ్యాక జఠరికలు ముడుచుకుంటాయి. 1906లో ఈ రెండో గుంపును గుర్తించినది జపాన్ శాస్త్రవేత్త సునావో తవారా. మెదడు నుంచి వచ్చే నరాలు వేగాన్ని పెంచుతాయి, తగ్గిస్తాయి, అంతే. నరాలు తెగిన మార్పిడి గుండె కూడా కొట్టుకునేది అందుకే.

ఎకోలో ఈఎఫ్ 60 శాతం అని వచ్చింది. మిగతా 40 శాతం పాడైందా?

కాలేదు. మీ గుండె బాగానే తోస్తోంది.

ఎడమ జఠరిక నిండినప్పుడు అందులో సుమారు 120 మిల్లీలీటర్ల రక్తం ఉంటే, ఒక్కసారి ముడుచుకున్నప్పుడు 70 వరకు బయటికి వెళ్తుంది. ఆ వాటానే ఈఎఫ్ అంటారు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో ఇది సుమారు 55 నుంచి 70. ఎవరికీ 100 ఉండదు, ఉండకూడదు కూడా. 40, అంతకన్నా తక్కువైతే తోసే బలం తగ్గినట్టు లెక్క. ఈఎఫ్ మామూలుగా ఉన్నా హార్ట్ ఫెయిల్యూర్ ఉండొచ్చు. పైన చెప్పిన బిరుసెక్కిన గుండెల్లో జరిగేది అదే. తోయడం బాగానే ఉంటుంది, నిండటమే తక్కువ.

గుండెపోటు, కార్డియాక్ అరెస్ట్, హార్ట్ ఫెయిల్యూర్ మూడూ ఒకటేనా?

కాదు. గుండెపోటు అంటే కరోనరీ ధమని మూసుకుపోయి కండరంలో కొంత భాగం చచ్చిపోవడం. మనిషి మాట్లాడుతూనే ఉండొచ్చు. కార్డియాక్ అరెస్ట్ అంటే విద్యుత్ క్రమం చెదిరి గుండె తోయడం పూర్తిగా ఆగిపోవడం. కొన్ని సెకన్లలోనే స్పృహ పోతుంది. గుండెపోటు దీనికి దారి తీయొచ్చు. హార్ట్ ఫెయిల్యూర్‌లో గుండె ఆగదు, ఒంటి అవసరానికి చాలినంత పనిచేయలేదు. ఆయాసం, కాళ్ల వాపు, రాత్రి పడుకుంటే ఊపిరాడకపోవడం దాని గుర్తులు.

పూడిక ఎప్పుడు మొదలవుతుంది?

మీరనుకున్నదానికంటే చాలా ముందు. కొరియా యుద్ధంలో చనిపోయిన 300 మంది అమెరికా సైనికుల గుండెల్ని పరిశీలించి 1953లో ఒక నివేదిక వెలువడింది. వాళ్ల సగటు వయసు 22. అయినా నాలుగింట మూడొంతుల మందికి పైగా కరోనరీ ధమనుల్లో జబ్బు ఆనవాళ్లు కంటికి కనిపించాయి. యాభై ఏళ్లకు వచ్చే గుండెపోటుకు ఇరవైలలోనే పునాది పడుతోందన్నమాట.

ఎల్‌డీఎల్ అనే చెడు కొలెస్ట్రాల్ కణాలు ధమని లోపలి పొర దాటి గోడలోకి దూరి అక్కడే చిక్కుకుంటాయి. వాటిని తినేయడానికి వచ్చిన తెల్ల రక్తకణాలు కొవ్వుతో నిండి నురగలా ఉబ్బి, చచ్చి, అక్కడే పేరుకుంటాయి. వాపు మొదలవుతుంది, దాని చుట్టూ మచ్చలాంటి పొర కడుతుంది, కాల్షియం చేరుతుంది. ఇది పైపులో తుప్పు కాదు. చర్మం కింద సెగ్గడ్డ లాంటిది. గోడ లోపల ఉంటుంది, పైపొర పలచబడితే ఏదో ఒక రోజు చితుకుతుంది. చితికిన చోట రక్తం తాకగానే గడ్డ కడుతుంది. ఆ గడ్డే నిమిషాల్లో దారి మూసేస్తుంది.

పోయిన నెలే పరీక్షలన్నీ బాగున్నాయన్నారు. మరి గుండెపోటు ఎలా వచ్చింది?

అబద్ధం చెప్పి ఉండరు. ట్రెడ్‌మిల్ పరీక్ష నాళం బాగా ఇరుకైతేనే పట్టుకుంటుంది, మామూలుగా 70 శాతం దాకా. గుండెపోటు తెచ్చే పూడికల్లో చాలావాటికి అంతకుముందు అంత ఇరుకు ఉండదు. పెద్దగా అడ్డు రాని మెత్తటి పూడిక చితికినా గడ్డ కట్టడానికి చాలు. అందుకే పరీక్ష బాగా వచ్చిందని సిగరెట్ కొనసాగించడం అంత పిచ్చిపని ఇంకోటి లేదు. పరీక్ష చెప్పేది ఆ రోజు సంగతే.

ప్రపంచంలో ఈ జబ్బుల భారం ఎంత?

మనుషుల్ని అన్నిటికంటే ఎక్కువగా చంపేవి ఇవే. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2019లో గుండె, రక్తనాళాల జబ్బులతో 1.79 కోట్ల మంది చనిపోయారు. అన్ని కారణాల మరణాల్లో ఇది 32 శాతం, అంటే ప్రతి ముగ్గురిలో దాదాపు ఒకరు. వీటిలో 85 శాతం గుండెపోటు, పక్షవాతం వల్లనే. 2022కి అదే సంస్థ అంచనా 1.98 కోట్లు.

ఇది బాగా తిని కూర్చునేవాళ్ల రోగం అనే మాట ఇంకా వినిపిస్తుంది. లెక్కలు చూస్తే నిలవదు. ఈ మరణాల్లో నాలుగింట మూడు వంతులకు పైగా తక్కువ, మధ్య ఆదాయ దేశాల్లోనే జరుగుతున్నాయి. అక్కడ బీపీని ముందే పట్టుకునే ఏర్పాటు తక్కువ, మందు జీవితాంతం కొనుక్కోవడం కష్టం, పోటు వచ్చాక సమయానికి ఆసుపత్రి చేరడం ఇంకా కష్టం. పోయేది తరచుగా సంపాదించే వయసులో ఉన్న మనిషి. మరణాల లెక్కలో కనిపించని భారం కూడా ఉంది: పక్షవాతంతో మంచాన పడ్డవాళ్లు, వాళ్లను చూసుకోవడానికి పని మానేసినవాళ్లు, వైద్యానికి చేసిన అప్పులు.

ఇన్ని మందులు, స్టెంట్లు వచ్చాక తగ్గాలి కదా?

తగ్గుతోంది, పెరుగుతోంది కూడా. ప్రపంచ జబ్బుల భారాన్ని లెక్కగట్టే అంతర్జాతీయ అధ్యయనం ప్రకారం 1990లో ఈ మరణాలు 1.21 కోట్లు, 2019లో 1.86 కోట్లు. ఈ జబ్బులతో బతుకుతున్నవాళ్లు అదే కాలంలో 27.1 కోట్ల నుంచి 52.3 కోట్లకు చేరారు. (ఆరోగ్య సంస్థ లెక్కతో కాస్త తేడా కనిపిస్తుంది, రెండింటి పద్ధతులు వేరు.) అయితే జనాభా పెరిగింది, వయసు పైబడినవాళ్లు పెరిగారు. ఆ తేడాను సరిచేసి చూస్తే, ఒకే వయసు మనిషి వీటితో చనిపోయే అవకాశం తగ్గింది. సంపన్న దేశాల్లో 1970ల నుంచి బాగా తగ్గింది. అందులో పొగాకు తగ్గడం, బీపీ, కొలెస్ట్రాల్ అదుపు వాటా ఆపరేషన్ గదిలో జరిగినదానికి ఏమాత్రం తీసిపోదు. పేరు మాత్రం స్టెంటుకే వస్తుంది.

కారణాలు ఎలా తెలిశాయి?

1948లో అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ అనే ఊళ్లో 5,209 మందిని ఎంచుకుని ఏళ్ల తరబడి గమనించడం మొదలుపెట్టారు. బీపీ, కొలెస్ట్రాల్, సిగరెట్ ఉన్నవాళ్లకే జబ్బు ఎక్కువగా వస్తోందని అక్కడే తేటతెల్లమైంది. అప్పటిదాకా వయసుతో బీపీ పెరగడం సహజమేనని చాలామంది డాక్టర్లే అనుకునేవారు. 2004లో వెలువడిన ఇంటర్‌హార్ట్ అధ్యయనం 52 దేశాల్లో చూసి తొమ్మిది అంశాలు తేల్చింది: కొలెస్ట్రాల్ తేడాలు, పొగాకు, బీపీ, షుగర్, పొట్ట చుట్టూ కొవ్వు, మానసిక ఒత్తిడి, పండ్లూ కూరలూ తక్కువ తినడం, వ్యాయామం లేకపోవడం, మద్యం తాగే తీరు. మొదటి గుండెపోటు ముప్పులో పురుషుల్లో 90 శాతానికి, స్త్రీలలో 94 శాతానికి ఇవే లెక్క చెప్పాయి.

అన్నిటిలోకీ ముందు దేన్ని చూసుకోవాలి?

ఒక్కటే ఎంచుకోమంటే పొగ తాగేవాళ్లకు పొగాకు, మిగతావాళ్లకు బీపీ. పొగ మానేసిన ఏడాదిలోనే కరోనరీ జబ్బు అదనపు ముప్పు సగానికి పడిపోతుంది. మందుల దుకాణంలో ఇంత చవగ్గా ఇంత లాభం ఇచ్చేది ఏదీ దొరకదు.

బీపీ సంగతి వేరు. 2019 నాటికి 30 నుంచి 79 ఏళ్ల మధ్యవాళ్లలో 128 కోట్ల మందికి ఎక్కువ బీపీ ఉందని అంచనా. వాళ్లలో దాదాపు సగం మందికి ఆ సంగతే తెలియదు, అదుపులో ఉన్నది ప్రతి ఐదుగురిలో ఒకరికి. తలనొప్పి లేదు కాబట్టి బీపీ లేదనుకోవడం, మాత్రతో అదుపులోకి రాగానే మాత్ర మానేయడం, ఈ రెండూ మాన్పిస్తే చాలామంది బతుకుతారు. ఉప్పు రోజుకు 5 గ్రాముల లోపు అన్నది ఆరోగ్య సంస్థ మాట. వారానికి కనీసం 150 నిమిషాలు ఒళ్లు కాస్త వేడెక్కేలా నడవడం కూడా.

ఆడవాళ్లకు తక్కువ వస్తుందంటారు?

ఆలస్యంగా వస్తుంది, తక్కువ కాదు. రుతుక్రమం ఆగాక ముప్పు వేగంగా పెరుగుతుంది. ప్రపంచవ్యాప్తంగా స్త్రీల మరణాలకు కూడా మొదటి కారణం ఇదే. వాళ్లలోనూ ఛాతీ నొప్పే ముఖ్య లక్షణం, కానీ దానితోపాటు ఆయాసం, వాంతి వచ్చినట్టుండటం, దవడ లేదా వీపు నొప్పి, చెప్పలేని నీరసం ఎక్కువగా కనిపిస్తాయి. దాంతో ఇంట్లోవాళ్లూ, కొన్నిసార్లు డాక్టర్లూ ఆలస్యం చేస్తారు. షుగర్ ఉన్నవాళ్లకైతే నొప్పే తెలియకుండా పోటు రావచ్చు.

ఎదురుగా ఒకరు ఛాతీ పట్టుకుని కూలబడితే ఏం చేయాలి?

స్పృహలో ఉంటే కూర్చోబెట్టండి, నడిపించొద్దు, వెంటనే అంబులెన్సును పిలవండి. మూసుకుపోయిన నాళం వెనక కండరం 20 నుంచి 40 నిమిషాల్లో చావడం మొదలవుతుంది, కొన్ని గంటల్లో ఆ చావు పూర్తవుతుంది. తగ్గుతుందేమో చూద్దామని గడిపిన గంట మళ్లీ రాదు.

పిలిచినా పలక్కుండా, ఊపిరి మామూలుగా లేకపోతే అది కార్డియాక్ అరెస్ట్ అనుకోవాలి. అప్పుడప్పుడు ఎగశ్వాస వస్తున్నా సరే. సాయానికి ఫోన్ చేయించి, ఛాతీ మధ్యలో రెండు చేతులతో నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 సెంటీమీటర్లు, ఇంకాస్త లోతుగా నొక్కుతూ ఉండండి. గుండెకు షాక్ ఇచ్చే ఏఈడీ యంత్రం దొరికితే అది చెప్పినట్టు చేయండి. షాక్ ఆలస్యమయ్యే ప్రతి నిమిషానికీ బతికే అవకాశం 7 నుంచి 10 శాతం తగ్గుతుంది, నొక్కుతూ ఉంటే ఆ తగ్గుదల నెమ్మదిస్తుంది. పక్కటెముక విరుగుతుందేమోనని ఆగొద్దు.

స్టెంటు వేశాక జబ్బు పోయినట్టేనా?

పోలేదు. 1977లో ఆండ్రియాస్ గ్రుంట్‌జిగ్ జ్యూరిక్‌లో మొదటిసారి బుడగతో కరోనరీ ధమనిని తెరిచినప్పటినుంచి ఈ విద్య ఎంతో ముందుకు వచ్చింది. గుండెపోటు వస్తున్న వేళ స్టెంటు ప్రాణం నిలుపుతుంది, అందులో అనుమానం లేదు. కానీ నిలకడగా ఉన్న జబ్బులో, మంచి మందుల మీద ఉన్నవాళ్లకు అదనంగా స్టెంటు వేస్తే నొప్పి తగ్గుతుంది గానీ మరణాలు తగ్గినట్టు పెద్ద అధ్యయనాలు చూపలేదు. స్టెంటు సరిచేసేది ఒక్క చోటే. మిగతా నాళాలన్నిట్లో అదే జబ్బు ఉంది. మందులు దానికోసం.

చచ్చిపోయిన గుండె కండరం మళ్లీ పెరగదా?

పెరగదనే చెప్పాలి. అణుపరీక్షల వల్ల గాలిలో కలిసిన కార్బన్-14 ఆధారంగా గుండె కణాల వయసు లెక్కగట్టిన పరిశోధన 2009లో వచ్చింది. 25 ఏళ్ల వయసులో ఏడాదికి సుమారు 1 శాతం కండర కణాలు కొత్తవి వస్తాయి, 75కి అది అర శాతం కన్నా తక్కువ. పోటులో పోయినదాన్ని పూడ్చడానికి ఇది ఎటూ చాలదు. ఆ చోట మచ్చ మిగులుతుంది.

నా చేతి గడియారం ఈసీజీ మామూలుగా ఉందంటోంది. చాలదా?

ఛాతీ నొప్పికి చాలదు. అది ఒకే కోణం నుంచి చూస్తుంది. ఆసుపత్రి ఈసీజీ 12 కోణాల నుంచి చూస్తుంది, దానిలో కూడా మొదటిసారి తేడా కనిపించక మళ్లీ తీయాల్సి రావచ్చు. గడియారం బాగా పనికొచ్చేది కర్ణికలు క్రమం తప్పి వణికే ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌ను పట్టుకోవడానికి. ఎడమ కర్ణికకు ఆనుకుని ఉన్న చిన్న సంచిలో అప్పుడు రక్తం నిలిచి గడ్డ కట్టొచ్చు, అది మెదడుకు చేరితే పక్షవాతం. గడియారం ఆ హెచ్చరిక ఇస్తే కొట్టిపారేయకుండా డాక్టరుకు చూపించండి.